జముకు తాడుకి అటు కొసా ఇటు కొసా

పూండి స్టేషన్‌లో రైలు దిగి సముద్రం వైపు నడిస్తే జీడితోటలు, కొబ్బరితోటలు, వాటి మధ్య ఊళ్లు. అలాంటి ఒక ఊళ్లో అమ్మోరి సంబరం రాత్రి, నా చిన్నప్పుడు, ఇద్దరు ముసలివాళ్లు పోట్లాడుకోవడం చూశాను. ఒకరు కథ చెప్పేవారు, ఒకరు జముకు వాయించేవారు. వరసకు బావాబావమరుదులు.

ఎల్లమ్మ కథ నడుస్తోంది. కథకుడు ఒక మాటను పైకెత్తి, అక్కడ నిలబెట్టి, ఊపిరి కోసం ఆగాడు. ఆ ఖాళీలోకి జముకు దూరింది. ఆయన పాడిన వంపునే పాడి, చివర్లో ఇంకో వంపు కలిపింది. జనం ఈలలు. కథకుడు ఇంకా పైకి వెళ్లాడు. జముకు అక్కడికీ వచ్చింది. మూడోసారి కథకుడు గొంతు దించి, గుసగుసలాగా ఒక్క మాట అన్నాడు. జముకు కూడా గుసగుసలాడింది. పందిరి కింద కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

తెల్లారాక తోటలో కూర్చుని, "నన్ను పాడనిచ్చావా నువ్వు?" అని కథకుడు. "ఊపిరి తీసుకుంతన్నావని నింపినాను బావా" అని జముకు తాత. ఇద్దరి ముందూ ఒకే తపేలాలో చల్దన్నం, పక్కన ఉల్లిపాయలు.

ఆ జముకు ఎక్కడిదో, దాని చుట్టూ ఎన్ని స్నేహాలు, ఎన్ని పంతాలు నడిచాయో తెలుసుకోవాలన్న కోరిక నాకు అప్పుడే మొదలైంది.

చూడ్డానికి అదేం గొప్ప వాద్యం కాదు. కుంచంలాంటి గుండ్రటి డొల్ల. ఒక వైపు తోలు మూత, రెండో వైపు ఖాళీ. తోలు నడిమధ్య చిల్లు పెట్టి తాడు దూర్చి, డొల్లలోంచి బయటికి తీసి, చివర చిన్న కర్రముక్క కడతారు. డొల్లను ఎడమ చంకలో ఇరికించి, ఎడమచేత్తో ఆ కర్రముక్కను లాగి పట్టుకుని, కుడిచేత్తో తాడును మీటుతారు. బిగించి లాగితే గొంతు లేస్తుంది, సడలిస్తే దిగుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు. స్వరం ఎక్కడుందో వాయించేవాడి పిడికిలికే తెలియాలి. అందుకే అది మనిషి గొంతును అంత దగ్గరగా అనుకరించగలదు. చలికాలం రాత్రి తోలు మెత్తబడితే కొబ్బరాకుల మంట మీద కాచి మళ్లీ బిగిస్తారు. ఆ కాసేపూ కథకుడే ఒంటరిగా మాటలతో జనాన్ని కూర్చోబెట్టాలి. అతను ఎంత సమర్థుడో అప్పుడు తెలిసిపోతుంది.

ఉత్తరాంధ్రలో ఇది జముకు. తెలంగాణలో బైండ్లవారి చేతిలో జమిడిక. కన్నడ, మరాఠీ సీమల్లో ఎల్లమ్మ భక్తులు పట్టుకునే చౌడికె కూడా ఈ వంశమే. పేరు ఏదైనా చాలాచోట్ల దాని పని ఒకటే: రేణుకా ఎల్లమ్మ కథ చెప్పడం, కొడుకు పరశురాముడి చేతిలో తల తెగిన తల్లిని తిరిగి పిలవడం. ఏ శతాబ్దంలో ఎవరు చేశారన్న లెక్క కంటే ఈ బంధమే దాని అసలు చిరునామా అని నేను నమ్ముతాను. మనకు ఉత్తరాన, బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్ దీనికి దగ్గరి చుట్టం. 1967లో వచ్చిన బాబ్ డిలన్ 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్ అట్ట మీద డిలన్ పక్కన నిలబడిన పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్ ఆ బావుల్ సంప్రదాయం వాళ్లే.

కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడు డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్' క్యాసెట్ వినిపించాడు. 1972లో జపాన్ వేదికల మీద రికార్డు చేసినది. అందులో ఒక పాట నడుమ గిటార్ వాయించే రిచీ బ్లాక్‌మోర్ ఒక ముక్క విసురుతాడు, గాయకుడు ఇయాన్ గిలన్ దాన్ని గొంతుతో తిరిగి ఇస్తాడు. మళ్లీ విసురు, మళ్లీ జవాబు. నాకు ఒళ్లు జలదరించింది. ఇది మా అమ్మోరి పందిరి! ఆ ఇద్దరికీ వేదిక దిగితే పడేది కాదు. గిలన్ 1973లో బయటికి వెళ్లాడు, 1984లో కలిశారు, 1989లో అతణ్ని తీసేశారు, 1992లో మళ్లీ పిలిచారు, మరుసటి ఏడాది కచేరీల మధ్యలోనే బ్లాక్‌మోర్ వెళ్లిపోయాడు. అంత పంతం ఉన్నవాళ్లు పాటలో మాత్రం ఒకరి ఊపిరి ఒకరికి తెలిసినట్టు ఎలా వాయించారో జముకు కథ చూసినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మా తాతలకు చల్దన్నం తపేలా ఒకటే కావడం మాత్రం వాళ్ల అదృష్టం.

ఈ జీడి, కొబ్బరితోటల సీమ ఉద్దానంలో జముకు దారి మళ్లింది 1960ల చివర్లో. బొడ్డపాడు గుడిలో పూజారి సుబ్బారావు పాణిగ్రాహి కవి, గాయకుడు. అమ్మోరి కథకు వాడే ఆ రూపాన్నే తీసుకుని కూలీల బతుకు, భూమి గొడవ చెప్పే జముకుల కథ రాశాడు, ఆడించాడు. గర్భగుడిలో నిలబడే హక్కున్న మనిషి, గుడి బయట మోగే వాద్యం దగ్గరికి నడిచి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అదే ఊరి పంచాది కృష్ణమూర్తి శ్రీకాకుళ పోరాటంలో ఆయన సహచరుడు. కృష్ణమూర్తి 1969 మేలో, పాణిగ్రాహి ఆ డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. నేను చదివిన పుస్తకాల్లో పాణిగ్రాహి పేరుంది, ఉండాలి కూడా. ఆయన చెవిలో ఆ బాణీ వేసిన కథకుల పేర్లు మాత్రం కనిపించలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ గాలి పార్వతీపురం వైపు వీచింది. పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ, ఇక్కడి యాసలో, ఇక్కడి బాణీల్లో పాట కట్టాడు. 1972లో మొదలైన జననాట్యమండలిలో తూప్రాన్ నుంచి వచ్చిన గద్దర్‌తో జోడీ కట్టాడు. ఒకరిది జముకుల నేల, ఇంకొకరిది ఒగ్గు కథల నేల. ఒకరు అడుగేస్తే రెండోవారు అంతకంటే ఎత్తున గజ్జె ఎగరేయాల్సిందే. ఆ పోటీ లేకపోతే ఇద్దరూ అంత ఎత్తుకు ఎదిగేవారు కారని నా అభిప్రాయం. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు.

2020లో మా పలాస వాడే అయిన కరుణకుమార్ తీసిన 'పలాస 1978' సినిమాలో కూడా కథ ఇద్దరు అన్నదమ్ములది, పాటగాళ్ల ఇంట పుట్టినవాళ్లది. థియేటర్లో ఉత్తరాంధ్ర జానపదం మోగినప్పుడు నా వెనక వరసలో ఒకాయన తొడ మీద వేళ్లతో మీటడం విన్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరిచెట్లను పడగొట్టాక నేను ఆ ఊరు వెళ్లాను. బావాబావమరుదులు ఇద్దరూ అప్పటికే లేరు. కథకుడి మనవరాలి ఇంట్లో, జీడిపిక్కల బస్తాల మీద, జముకు ఉంది. తోలు ఎండి పగిలింది. తాడు చివరి కర్రముక్క పిడికిలి పట్టిన చోట నల్లగా, నున్నగా అరిగి ఉంది.

"వాయించింది ఆ తాత కదా, మీ ఇంట్లో ఉందేం?" అన్నాను.

"ఆయన పోయాక మా తాతే పట్టుకొచ్చేసినాడండి. ఎవులికీ ఇవ్వనివ్వలేదు" అంది.

తాడు కొస పట్టుకుని మెల్లగా లాగాను. పలకలేదు.