భజన రాత్రులు: చిప్పగిరి, ఆదోని ప్రాంతం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం పరిసరాల్లో, ఊరివాళ్లు నియమం తప్పకుండా ఒక రోజున గుడిలోనో మఠంలోనో చేరి పాడుకునే కూటమిని భజన అంటారు. ఆంజనేయుడి గుడిలో శనివారం, రాఘవేంద్రస్వామి మఠాల్లో గురువారం, మాధ్వుల్లో ఏకాదశి రాత్రి జాగరణ దీనికి అలవాటైన రోజులు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు. హార్మోనియం, తబలా లేదా డోలక్, తాళాలు, చిడతలు ఉంటే చాలు. టికెట్టు ఉండదు, పాడేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య గీత ఉండదు. ఈ సీమలో కన్నడ భక్తి కవులైన హరిదాసుల పాట నేటికీ నోళ్లలో ఆడుతోందంటే దానికి రాజాస్థానాలు, కచేరీ సభలు చేసినదానికన్నా ఈ తప్పని రోజు చేసినదే ఎక్కువ.

చిప్పగిరికి ఈ చరిత్రలో పెద్ద స్థానం ఉంది. ఇప్పటి రాయచూరు జిల్లాలోని చీకలపర్విలో 1682లో పుట్టిన విజయదాసు చివరి రోజులు గడిపింది ఇక్కడే. 1755లో కార్తీక శుద్ధ దశమినాడు కన్నుమూసిందీ ఇక్కడే. పురందరదాసు తర్వాత రెండు శతాబ్దాలకు దాస సంప్రదాయానికి మళ్లీ ఊపిరి పోసినవాడాయన. ఆయన శిష్యుడు గోపాలదాసు, గోపాలదాసు శిష్యుడు మాన్వి జగన్నాథదాసు. వీళ్ల పాటకు ఆధారం కొలువులు కాదు, తంబూరతో, చిడతలతో, కాలి గజ్జెలతో తిరిగిన వీధులు. ఆ కాలపు ఆదోనిని చూస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆదోని కోట 17వ శతాబ్ది చివర బీజాపూరు వారినుంచి మొఘలుల చేతికి పోయింది. తర్వాత ఆసఫ్‌జాహీ నిజాంలది అయి, ఆ వంశపు బసాలత్ జంగ్ జాగీరుగా ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకున్నాడు. మళ్లీ నిజాంకు వచ్చి, 1800లో దత్తమండలాలతోపాటు ఈస్టిండియా కంపెనీకి చేరింది. నూరేళ్లకు కాస్త పైబడిన కాలంలో ఇన్ని చేతులు మారిన సీమలో ఆస్థానాన్ని నమ్ముకున్న సంగీతం ఏదైనా తెగిపోయేదే. పంచాంగంలోని ఏకాదశికి మాత్రం ఏ దొర అనుమతీ అక్కరలేదు. నెలకు రెండుసార్లు అది వస్తుంది, వచ్చినప్పుడల్లా పాట కావాలి. పాట తరాలు దాటడానికి ఇంతకన్నా గట్టి ఏర్పాటు ఆ రోజుల్లో మరొకటి కనిపించదు.

దాసుల పదాలు కన్నడంలో ఉన్నాయి కదా, తెలుగు జిల్లాకు వాటితో ఏం సంబంధమని అడిగేవాళ్లు ఉంటారు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవే; ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున కర్నూలులో కలిశాయి. చిప్పగిరి ఆలూరు తాలూకా ఊరు. సంతలో, పెళ్లి సంబంధాల్లో రెండు భాషలూ కలిసి నడిచే ఈ నేలమీద తెలుగు నోటితో కన్నడ పదం పాడటం ఎరువు తెచ్చుకున్న వ్యవహారం కాదు. జిల్లా గీత మారినా పాటల రోజు మారలేదు.

భజన పూజలో భాగం, దాన్ని సంగీత చరిత్రలో చేర్చకూడదన్నది ఇంకో అభ్యంతరం. దాసులే తమ రచనలకు రాగం, తాళం కట్టారు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠాలైన స్వరావళులు, అలంకారాలు పురందరదాసు ఏర్పరిచినవేనని సంప్రదాయం చెబుతుంది. భక్తీ శిక్షణా ఒకే గోష్ఠిలో సాగడం వీళ్ల పద్ధతి. నియమిత రోజు పాటను ఎలా పెంచుతుందో చెప్పడానికి గుడికి సంబంధం లేని ఉదాహరణ ఒకటి చాలు. న్యూయార్కులో 1935లో మొదలైన విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న నేలమాళిగ జాజ్ క్లబ్బులో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ 1966 ఫిబ్రవరిలో సోమవారం రాత్రుల బృందం పెట్టారు. ఆ ఇద్దరూ పోయాక కూడా బృందం పేరు మార్చుకుని సోమవారాలు వాయిస్తూనే వచ్చింది. అక్కడ వినేవాళ్లు డబ్బిచ్చి కూర్చుంటారు, ఇక్కడ వినేవాళ్లే పాడతారు. తేడా పెద్దదే. వ్యక్తులు పోయినా రోజు మిగిలితే సంగీతం మిగులుతుందన్న విషయంలో మాత్రం రెండూ ఒకే సాక్ష్యం చెబుతున్నాయి.

అందరి భజన ఒకటి కాదన్న మాట నిజం. దాసులలో కనకదాసు వంటి కురుబవాడు ఉన్నా, మఠాల్లో ఏకాదశి గోష్ఠి చాలాకాలం మాధ్వ బ్రాహ్మణ కుటుంబాలదే. రైతు కులాల చెక్కభజన రామాలయాల ముందు వేరుగా, తెలుగు కీర్తనలతో, తత్వాలతో సాగింది. దళితులను ఎన్నో గుళ్ల గడప బయటే నిలబెట్టారు. ఈ లోపాన్ని భక్తి పేరుతో కప్పిపుచ్చకూడదు. అయితే ఒకరితో ఒకరు కలవని ఈ బృందాలన్నీ, భాష, దేవుడు, వాద్యం వేరైనా, వారానికో పక్షానికో ఒక రోజు అన్న అదే కట్టడితో నిలిచాయన్నది గమనించాలి.

ఈ పద్ధతికి అసలైన పరిమితి మరోచోట ఉంది, అది విజయదాసు విషయంలోనే బయటపడుతుంది. ఆయన పేరు ప్రధానంగా సుళాదులతో ముడిపడింది. ఒక్కో చరణం ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాల్లో ఒక్కోదానిలో నడిచి, చివర జతె అనే రెండు పాదాలతో ముగిసే రచన సుళాది. దాన్ని నలుగురూ వంత పాడలేరు; తాళం మారిన ప్రతిచోటా సాధన కావాలి. అందుకే దేవరనామాలనే తేలికైన పదాలు జనం నోట నిలిస్తే, సుళాదుల సాహిత్యం పుస్తకాలకు చేరింది, వాటి పాత వరసలు చాలావరకు పోయాయి. వారం వారం గుంపుగా పాడటం పాటను బతికిస్తుంది, కష్టమైన పాటను పక్కన కూడా పెడుతుంది. ఏటా చిప్పగిరిలో జరిగే విజయదాసు ఆరాధన ఒక్కటే ఈ లోటు తీర్చలేదు. పండుగనాడు పాడేది ముందే నేర్చి ఉండాలి. తిరుమల తిరుపతి దేవస్థానాల దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను కూడగట్టి దాసుల పదాలు నేర్పిస్తున్నది. సుళాదికీ ఆ శ్రద్ధ అందాలి. ఆదోని, ఎమ్మిగనూరు మండళ్లు నెలలోని రెండు ఏకాదశుల్లో ఒకదాన్ని సుళాదికి కేటాయించి, తాళం తెలిసినవారిని పిలిచి, ఏ కులం పిల్లలనైనా ముందు వరసలో కూర్చోబెట్టి నేర్పించాలి.