ఆయుధధారణము: హక్కా, అనుమతియా?

1878లో లిట్టన్ ప్రభుత్వము ఆయుధముల చట్టము చేసినది. తుపాకి ఉంచుకొనుటకు భారతీయునకు లైసెన్సు కావలెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు లభించినది. ఆ అవిశ్వాసమే జాతిని నొప్పించినది. అహింసావ్రతులైన గాంధీజీ సైతము 1918లో ఆ చట్టమును గర్హించిరి. నిబంధనలకు లోబడి ఆయుధధారణము పౌరుని హక్కని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది.

1948 డిసెంబరులో ఆ హక్కును రాజ్యాంగమున చేర్చవలెనని హెచ్. వి. కామత్ సవరణ ప్రతిపాదించిరి. విచక్షణ లేక అందరికిని దాని నొసగుట తగదని అంబేద్కరు వాదించిరి, సవరణ వీగిపోయినది. 1959 నాటి చట్టమును లైసెన్సు పద్ధతినే నిలిపినది.

స్వతంత్ర భారతము మాట తప్పినదా? పరాయివాడు విధించిన నాడు సంకెలయైన నియమము, ప్రజాప్రతినిధులు ఎల్లరకును సమానముగ విధించిన నాడు కట్టుబాటగును. ఆ సమానత తప్పిన నాడు పాతగాయము మరల రేగును.