గాయం మాన్పిన పత్రం

వెంగల్, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాలలో తెలుగు, తమిళ భాషలు తరతరాలుగా ఒకే వీధిలో వినవస్తున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దుల సవరణతో, అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. పటంలోని గీతలు మారినా, పొలంగట్లపై మొలిచే మొక్కలు యథాతథంగా నిలిచాయి. కోతల కాలంలో కొడవలి తగిలి వేలు తెగినవారు సరిహద్దుకు ఇరువైపులా ఒకే ఆకు కోసం వెదకేవారు. దానిని తెలుగువారు గడ్డిచేమంతి అన్నారు. తమిళులు వెట్టుక్కాయపూండు, అనగా కోతగాయపు మొక్క, అన్నారు.

ఆ ఆకును అరచేత నలిపి, పసరును గాయంపై పిండి, పాతగుడ్డతో కట్టడం పల్లెలలో అందరికీ తెలిసిన చికిత్స. అయితే ఈ మొక్క జన్మస్థానం అమెరికా ఖండంలోని ఉష్ణప్రదేశాలని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. సముద్రాలు దాటి వచ్చి మన గట్లపై స్థిరపడిన ఈ కలుపుమొక్క గుణాన్ని పల్లెప్రజలు స్వీయానుభవంతోనే నిర్ధారించుకొని ఉండవలెను. కొత్తదానిని పరీక్షించి స్వీకరించే బుద్ధి మన సంప్రదాయంలో ఉన్నదనడానికి ఇది మంచి నిదర్శనం. తరువాతి కాలంలో ప్రయోగశాలలలో ఎలుకల గాయాలపై సైతం ఈ ఆకురసాన్ని పరీక్షించారు.

వ్రణచికిత్సకు మన దేశంలో సుదీర్ఘ చరిత్ర ఉన్నది. సుశ్రుత సంహిత వ్రణాలకు అరువది ఉపక్రమాలను వివరించింది. శుభ్రపరచడం, లేపనం, కట్టు కట్టడం అందులోనివే. వేప, పసుపులకు మన వైద్యంలో విశిష్ట స్థానం ఉన్నది. వెంగల్‌కు సమీపంలోని పెరియపాళయం భవానీ అమ్మవారి సన్నిధిలో భక్తులు వేపమండలను వస్త్రంగా ధరించి మొక్కు తీర్చుకొంటారు. వైద్యంలోని వేప భక్తిలోనూ భాగమైనది.

ఇంతటి ప్రసిద్ధమైన జ్ఞానానికి 1995లో ఒక విచిత్రమైన పరీక్ష ఎదురైనది. గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఆ దేశపు పేటెంటు కార్యాలయం హక్కు మంజూరు చేసింది. మన అమ్మమ్మలు పోపులడబ్బాలోంచి తీసి అద్దిన పసుపు అక్కడ నూతన ఆవిష్కరణగా నమోదైనది! ఆర్. ఎ. మషేల్కర్ నాయకత్వంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దీనిని సవాలు చేసింది. ఇది భారతదేశంలో ఇంటింటా తెలిసినదే అన్న వాదన ఒక్కటే చాలదు. లిఖిత సాక్ష్యం చూపవలసి వచ్చింది. ప్రాచీన గ్రంథభాగాలు, 1953లో భారత వైద్యసంఘ పత్రికలో వెలువడిన వ్యాసం మున్నగు ముప్పదికి పైగా ఆధారాలు సమర్పించారు. 1997లో ఆ హక్కు రద్దయినది. ఈ అనుభవం ఫలితంగా సంప్రదాయ విజ్ఞానాన్ని నమోదు చేసే జాతీయ గ్రంథాలయం 2001లో ప్రారంభమైనది.

తెలుగులో ఆకూ పత్రమే, వ్రాసిన కాగితమూ పత్రమే. పసుపును కాపాడినది ఆ రెండవ పత్రం. గడ్డిచేమంతి వంటి ఎన్నో మొక్కల వాడుక పెద్దల నోటనే ఉన్నది. వారితోపాటే అది కనుమరుగు కావచ్చు.

వ్రాసి ఉంచినప్పుడే మంచిచెడులను వేరుచేయడమూ సాధ్యమవుతుంది. పాతవన్నీ మంచివి కావు. గాయంపై, పసిబిడ్డ బొడ్డుపై పేడ, మట్టి పూసే అలవాటు ఒకనాడు కొన్నిచోట్ల ఉండేది. వాటిలో నివసించే సూక్ష్మజీవి ధనుర్వాతాన్ని కలిగించి ఎందరో పసికందుల ప్రాణాలు తీసింది. ఆ వ్యాధిని ఏ ఆకుపసరూ ఆపలేదు. గర్భిణులకు టీకాలు, పరిశుభ్రమైన కాన్పుల వలన 2015లో భారతదేశం తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. కనుక లోతైన గాయానికి, మట్టి చేరిన గాయానికి శుభ్రమైన నీటితో కడగడం, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకొనడం అవశ్యం.

డెబ్బది ఐదేండ్లుగా తెలుగు అక్షరం నేర్పిన బడికి ఇందులో ఒక కర్తవ్యం ఉన్నది. ప్రతి విద్యార్థి తన అవ్వను, తాతను అడిగి, ఒక్కొక్క మొక్క పేరును ఇరుభాషలలో వ్రాసి, ఏ ఆకును దేనికి ఎట్లు వాడిరో నమోదు చేస్తే, కొన్నేండ్లలో ఈ ప్రాంతపు మూలికల చరిత్ర సిద్ధమవుతుంది. అందులో నిజమెంతో, భ్రమ ఎంతో తేల్చే శాస్త్రజ్ఞుడు రేపు ఈ తరగతి గదులలోనుంచే రావచ్చును.