మట్కా మానడానికి డిప్రెషన్ మాత్రలు: ఆధారాలు ఎంతవరకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు జూదమంటే పేకాటతో పాటు మట్కా కూడా. ఇప్పుడు సెల్‌ఫోన్లో క్రికెట్ బెట్టింగ్ తోడైంది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని రాష్ట్రం 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్నీ నిషేధించింది. అయినా మానలేనివాళ్లకు డిప్రెషన్ మాత్రలు పనికొస్తాయా?

ఆశ పుట్టడానికి కారణం ఉంది. ఆవేశాన్ని అణచుకోలేకపోవడానికీ మెదడులోని సెరటోనిన్‌కూ సంబంధం ఉందన్న ఊహ ప్రయోగాలు మొదలయ్యేనాటికే బలంగా ఉండేది. సెరటోనిన్‌ను పెంచే డిప్రెషన్ మాత్రలు చాదస్తపు జబ్బు ఓసీడీకి పనిచేస్తున్నాయి కూడా. 2000లో హోలాండర్ అనే పరిశోధకుడి బృందం అలాంటి మాత్రే అయిన ఫ్లూవొక్సమిన్‌తో చేసిన చిన్న ప్రయోగంలో జూదం తగ్గింది. 2002లో 45 మందికి పారాక్సెటిన్ ఇచ్చినప్పుడూ అంతే. మరుసటి ఏడాది 76 మందితో, పలు కేంద్రాల్లో, పదహారు వారాల పాటు అదే మందును పరీక్షించారు. మందు తీసుకున్నవారిలో 59 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 49 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు.

మందు లేకుండానే సగం మంది ఎలా మెరుగయ్యారు? జూదగాడు డాక్టరు దగ్గరికి వచ్చేది అప్పులు నెత్తికెక్కి, ఇంట్లో గొడవ ముదిరినప్పుడే. ఆ ఉధృతి ఎలాగూ కొంత దిగుతుంది. పైగా ప్రతి భేటీలోనూ ఎంత పోగొట్టావని అడిగేవారుంటారు. తొలి ప్రయోగాల్లో ఈ తగ్గుదలలో కొంత మందు ఖాతాలో పడి ఉంటుందని నా అనుమానం.

2022 నాటి కాక్రేన్ సమీక్ష 17 ప్రయోగాలను, 1,193 మందిని కలిపి చూసింది. జూదం తీవ్రతను తగ్గించడంలో డిప్రెషన్ మందులు ఉత్తుత్తి మాత్రను మించలేదు. మద్యం మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్ లాంటివి కొంత మేలు. ఆ ఆధారమూ బలహీనమే. ఆవేశాన్ని అణచుకోలేని మరో జబ్బు, దొంగబుద్ధి క్లెప్టోమేనియాలో ఎస్‌సిటలోప్రామ్ కూడా ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగనిపించుకోలేదు. అదే కోవలోని పట్టలేని కోపానికి మరో డిప్రెషన్ మందు ఫ్లూఓక్సెటిన్ కొంత నయం: 2009 నాటి ప్రయోగంలో 46 శాతం మందికి పూర్తిగానో పాక్షికంగానో తగ్గింది.

అలాగని వాడుతున్న మాత్రను సొంతంగా ఆపకూడదు. జూదంతో పాటు డిప్రెషన్ ఉంటే ఆ మాత్ర దానికి కావాలి. బైపోలార్ ఉన్నవారికి మాత్రం ఒక్క డిప్రెషన్ మందే ఇస్తే ఉన్మాదం రేగి పందేలు పెరగవచ్చు. ఎన్నడూ పేక ముట్టని పెద్దాయన పార్కిన్‌సన్స్ వచ్చాక పందేలకు దిగితే, ముందు అడగాల్సింది ప్రామిపెక్సోల్ లాంటి మాత్ర వాడుతున్నాడా అని. ఆ మందే జూదం కోరికను రేపగలదు.