జంట శిఖరాల తగువు: స్వీడన్‌లో ఎత్తైన కొన ఏది?

2019 సెప్టెంబరు 3 నాటి కొలతల ప్రకారం కెబ్నెకైసే పర్వతపు దక్షిణ శిఖరం ఎత్తు 2,095.6 మీటర్లు. దాని పక్కనున్న ఉత్తర శిఖరం 2,096.8 మీటర్లు. తేడా 1.2 మీటర్లే. ఆ కాస్త తేడాతోనే స్వీడన్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు అన్న హోదా ఒక కొన నుంచి ఇంకో కొనకు మారింది. భూకంపమేదీ రాలేదు, పాత సర్వేలో తప్పూ దొరకలేదు. ఉత్తర శిఖరం ఉన్నచోటే ఉంది. దక్షిణ శిఖరమే కిందికి దిగింది.

కెబ్నెకైసే ఉన్నది స్వీడన్ ఉత్తరపు కొసన, ధ్రువవృత్తానికి సుమారు 150 కిలోమీటర్ల పైన. దాని రెండు కొనల మధ్య సన్నని కత్తివాదర లాంటి గట్టు ఉంది. ఉత్తరపు కొన ఉత్త రాయి. దక్షిణపు కొన రాతి మీద సుమారు 40 మీటర్ల మందాన పేరుకున్న మంచు. తగువంతా ఈ తేడాలోనే ఉంది.

దేశంలో పెద్ద కొండ ఏదన్న ప్రశ్న అక్కడ కొత్తది కాదు. 1807లో వృక్షశాస్త్రజ్ఞుడు యోరాన్ వాలెన్‌బెర్గ్ నార్వే సరిహద్దులోని సులితెల్మా ఎక్కి, బారోమీటరుతో దాని ఎత్తు కట్టాడు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, ఆ తగ్గుదలను బట్టి ఎత్తు లెక్కించవచ్చు. కాకపోతే వాతావరణం మారినా ఒత్తిడి మారుతుంది, దాంతో లెక్కా మారిపోతుంది. చాలాకాలం సులితెల్మాయే పెద్దదన్న నమ్మకం ఉండేది. 1880 ప్రాంతంలో సర్వేయర్లు కెబ్నెకైసేను కొలిచాక ఆ ముచ్చట ముగిసింది. 1883లో ఫ్రెంచివాడు షార్ల్ రాబో స్థానిక మార్గదర్శకుల తోడుతో దక్షిణ శిఖరం ఎక్కాడు. అప్పటి నుంచి 2019 దాకా స్వీడన్‌లో ఎత్తైనదంటే దక్షిణ శిఖరమే.

ఎత్తైనది అదే అయినా, ఎత్తెంత అన్నది మాత్రం నిలకడగా లేదు. ఒక తరం పుస్తకాల్లో 2,117 మీటర్లు, తరవాతి తరానికి 2,111. చదివినవాళ్లకు ఇది అచ్చుతప్పులా తోచవచ్చు గానీ, ఏ అంకె నాటికి ఆ అంకె సరైనదే. మంచు శిఖరం గడ్డివాము లాంటిది. ఎంత ఎత్తు అని అడిగితే, ఎప్పటి మాట అని ఎదురు అడగాలి. చలికాలమంతా మంచు పడి మే నెలలో కొన బాగా పెరుగుతుంది. వేసవి కరుగుదల పూర్తయి సెప్టెంబరు నడిమికి అడుగంటుతుంది. ఒక్క ఏడాదిలోనే ఇలా రెండు మూడు మీటర్ల తేడా వస్తుంది. అందుకే పాత మంచు కరగడం ఆగి, కొత్త మంచు ఇంకా పడని వేసవి చివరి కొలతనే ఆ ఏటి లెక్కగా తీసుకుంటారు.

ఈ లెక్కలు రాసిపెట్టేవాళ్లు పక్క లోయలోనే ఉన్నారు. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన తార్ఫాలా పరిశోధన కేంద్రం 1946 నుంచి అక్కడి హిమానీనదాలను కొలుస్తోంది. ఒక హిమానీనదంలో ఏటా ఎంత మంచు చేరింది, ఎంత పోయింది అన్న పద్దును ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం విడవకుండా రాసింది ఇక్కడే. దక్షిణ శిఖరం లెక్క కూడా ఆ పద్దుల్లో భాగమే. ఈ శతాబ్దంలో పోయేది ఎక్కువై, చేరేది తక్కువైంది. 2018 జులైలో ఎండలు మండిపోయి, ఆ ఒక్క నెలలోనే కొన దాదాపు నాలుగు మీటర్లు తరిగింది. నెలాఖరుకు రెండు శిఖరాలూ ఇంచుమించు సమానమయ్యాయి. మరుసటి ఏడు హోదా మారిపోయిందని కేంద్రానికి సారథ్యం వహించిన భౌగోళిక శాస్త్ర ఆచార్యురాలు గున్‌హిల్డ్ రోస్‌క్విస్ట్ బృందం తేల్చింది. 2021 ఆగస్టుకు దక్షిణ శిఖరం 2,094.6 మీటర్లకు దిగింది.

ఇంత చిన్న తేడాను ఎలా నమ్మాలి? నిజానికి కష్టం తేడా కొలవడంలో లేదు, సముద్రమట్టం నుంచి ఎత్తు కట్టడంలో ఉంది. ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం, భూమికి గణితం గీసిన నునుపైన ఆకారం నుంచి ఎత్తు చెబుతుంది. దాన్ని సముద్రమట్టపు ఎత్తుగా మార్చాలంటే ఆ ప్రాంతపు గురుత్వాకర్షణ హెచ్చుతగ్గులు తెలియాలి. పక్కపక్కనున్న రెండు కొనలకు ఆ సవరణ దాదాపు ఒకటే కాబట్టి తేడా తీసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. అర కిలోమీటరు దూరంలో భూమి వంపు వల్ల వచ్చే తేడా కూడా రెండు సెంటీమీటర్లే. ఉపగ్రహాలు లేని రోజుల్లో సైతం ఒక కొన మీద లెవెల్ పరికరం పెట్టి ఎదుటి కొనను చూస్తే ఏది పెద్దదో చెప్పగలిగేవారు.

పరికరం తేల్చలేనిది ఒకటుంది: మంచును కొండలో కలిపి లెక్కించాలా, వద్దా? ఎవరెస్టు మీదా ఈ వాదం నడిచింది. 2005లో చైనా మంచును తీసేసి రాతి ఎత్తు 8,844.43 మీటర్లని ప్రకటించింది. నేపాల్ మంచుతో కలిపి 8,848 అంటూ వచ్చింది. 2020లో రెండు దేశాలూ కలిసి, మంచుతో సహా 8,848.86 అని ఒప్పుకున్నాయి. అక్కడ ఏ లెక్కన చూసినా ఎవరెస్టే పెద్దది. కెబ్నెకైసేలో అలా కాదు. రాతినే లెక్కపెడితే దక్షిణ శిఖరం సుమారు 2,060 మీటర్ల దగ్గరే ఆగుతుంది, ఉత్తర శిఖరం ఏనాడూ ఓడలేదు. మంచును కలిపితేనే ఈ పోటీ పుట్టింది.

ఇలాంటి పోటీ స్వీడన్‌కే పరిమితం కాలేదు. అమెరికాలోని రెయినియర్ పర్వతానికి 14,410 అడుగుల కొలంబియా క్రెస్ట్ అనే మంచు కొనే శిఖరమని అందరూ అనుకునేవారు. 2024లో సియాటిల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎరిక్ గిల్బర్ట్‌సన్ పరికరాలు మోసుకెళ్లి కొలిస్తే, ఆ కొన ఇరవై అడుగులకు పైగా తరిగిందనీ, నైరుతి అంచున ఉన్న రాతి చోటు దానికన్నా సుమారు పది అడుగులు ఎత్తుందనీ తేలింది.

శిఖరం మారితే ఎక్కేవాళ్లకూ చిక్కే. కెబ్నెకైసే దక్షిణ శిఖరానికి కాలిబాటన ఎక్కవచ్చు. అక్కణ్నుంచి ఉత్తరానికి పోవాలంటే తాడు, బూట్లకు ముళ్ల కట్లు, మంచు మీద నడిచిన అనుభవం కావాలి. అందుకే చాలామంది ఇప్పటికీ దక్షిణం వరకే పోయి తిరిగొస్తారు. ఇక స్వీడన్‌లోనే ఉన్న సారెక్ పర్వతపు పెద్ద కొన 2,089 మీటర్లు. 2021 నాటి లెక్క నుంచి ఇంకో ఆరు మీటర్లు కరిగితే దక్షిణ శిఖరానికి రెండో స్థానమూ మిగలదు. కాబట్టి మంచు కొన ఎత్తు అచ్చువేసేటప్పుడు పక్కనే కొలిచిన తేదీ కూడా వేయాలి. తేదీ లేని అంకె ఏ నాటి కొండ గురించి చెబుతోందో చదివేవాడికి తెలిసే దారి లేదు.