వేడి చూపు ముల్లు: పాత మోటారు కార్ల శీతలీకరణ చరిత్ర

బెంగుళూరు నగరమునకు తూర్పున నున్న వైట్‌ఫీల్డు 1882లో ఏర్పడిన ఊరు. మైసూరు మహారాజు చామరాజ ఒడయరు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియనుల వ్యవసాయ నివేశనముగా వెలసి, వారి సంఘనాయకుడైన డి. ఎస్. వైటు పేరును ధరించినది. నేడది కార్యాలయములకు కొలువు, అనేక తెలుగు కుటుంబములకు నివాసము. వారిలో కొందరి వాకిట తండ్రుల కాలపు అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో నిలిచియుండుట కద్దు. కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా మొగిలి కనుమ దిగి చిత్తూరు చేరు దారి ఇట్టి కార్లకు చిరపరిచితము. తిరుగు ప్రయాణమున కనుమ ఎక్కునపుడు నడుపువాని చూపంతయు వేడి చూపు ముల్లు మీదనే యుండును. ఆ ముల్లు మాట ఎంతవరకు నమ్మదగినదో తెలియుటకు దాని చరిత్రను పరిశీలింపవలయును.

ఇంజనులో మండు పెట్రోలు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే బండిని నడుపుటకు వినియోగపడును. మిగిలిన వేడిలో కొంత పొగతో పోగా, పెద్ద భాగమును నీరే మోసికొనిపోవలయును. తొలినాళ్ళలో నీరు ఆవిరియై పోవుటయే శీతలీకరణము. 1888లో బెర్తా బెంజ్ తన భర్త నిర్మించిన బండిలో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు ప్రయాణించినపుడు త్రోవపొడవునను నీరు పోసికొనవలసి వచ్చెను. 1901 నాటి మెర్సిడెసు కారునకు విల్హెల్మ్ మేబాహ్ ఎనిమిదివేలకు పైగా సన్నని గొట్టములు గల తేనెపట్టు రేడియేటరును కూర్చి, అదే నీటిని మరల మరల వాడుకొనుటకు మార్గము చూపెను. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కార్లలో మొదటి కొన్నింటికి దక్క పంపు లేదు; వేడినీరు పైకి తేలును, చల్లనినీరు క్రిందికి దిగును అను ప్రకృతి ధర్మమే వాటికి ఆధారము.

నీరెంత వేడెక్కినదో తెలుపు సాధనము వీటి తరువాతనే ప్రచారమునకు వచ్చినది. 1912 ప్రాంతమున అమెరికాలో వెలువడిన బాయిస్ మోటోమీటరు రేడియేటరు మూతపై అమర్చిన ఉష్ణమాపకము. అది కొలిచినది నీటిని కాదు, నీటిపైనున్న ఆవిరిని. పిమ్మట ఈథరు వంటి ద్రవముతో నిండిన బల్బు, సన్నని రాగి గొట్టము, ఫ్రాన్సు దేశీయుడగు బూర్డాన్ 1849లో కనిపెట్టిన వంపు గొట్టము కలిసి డాష్‌బోర్డు మీది గేజి అయినవి. ఆపైన విద్యుత్ గేజి వచ్చెను.

ఈ గేజీలకు ఒక సామాన్య దోషము కలదు. రాగి గొట్టము తెగిన ముల్లు చల్లని వైపు పడిపోవును. విద్యుత్ గేజిలో తీగ ఊడినను అట్లే జరుగును. నీరు దిగజారి బల్బు బయటపడినపుడు సైతము ముల్లు తక్కువ చూపవచ్చును. అనగా ఇంజను మాడిపోవు వేళనే గేజి కుశలమని పలుకగలదు. దీనికి భిన్నముగా తీగ ఒరసికొని ఇంజను లోహమునకు తగిలినచో ముల్లు ఒక్కసారిగా మితిమీరిన వేడిని చూపును. పెట్రోలు ముల్లును, వేడి ముల్లును ఒకేసారి తప్పు చూపినచో, రెండింటికిని విద్యుత్తు నందించు స్టెబిలైజరును శంకింపవలయును.

వైట్‌ఫీల్డునకు ప్రత్యేకమైన విషయములు రెండు. ఈ ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే నీరు ఇచట 97 డిగ్రీల సెంటీగ్రేడుననే మరుగును. రేడియేటరు మూత స్ప్రింగు 7 పౌండ్ల ఒత్తిడిని నిలిపినచో మరుగు స్థానము సుమారు 109 డిగ్రీలకు పెరుగును. కావున అరిగిన రబ్బరుతో నున్న చిన్న మూత పన్నెండు డిగ్రీల రక్షణను హరించును. రెండవది నీరు. ఇచటి బోరుబావుల నీరు కాఠిన్యము గలది. కాగులలో పట్టినట్టి తెల్లని గారయే రేడియేటరు గొట్టములలోను పట్టి వేడిని బయటికి పోనీయదు. శుద్ధజలముతో కలిపిన కూలెంటు వాడుటయే మేలు.

పరీక్షకు ఒక క్రమము కలదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూత తీసి నీటి మట్టమును చూడవలయును. వేడిమీద తీసినచో ఎగజిమ్ము మరుగునీరు ముఖమును కాల్చును. తరువాత థర్మోస్టాటు గూటివద్ద వేరొక ఉష్ణమాపకముతో కొలిచి గేజి సత్యాసత్యములను తేల్చవలయును. వేడి నిజమైనచో, అది ఎప్పుడు పెరుగుచున్నదో గమనింపవలయును. రద్దీలో ఆగినపుడు పెరిగి, పరుగులో తగ్గినచో దోషము ఫ్యానులోనో బెల్టులోనో యుండును. కనుమ ఎక్కునపుడు పెరిగినచో రేడియేటరు గారను శంకింపవలయును. ఇంజను కాగియు పై గొట్టము చల్లగనే యున్నచో థర్మోస్టాటు మూసికొనిపోయినదని తలపవచ్చును. ఎచ్చటను కారకయే నీరు తరుగుచు, రేడియేటరులో బుడగలు లేచుచున్నచో హెడ్ గ్యాస్కెటు చెడినదని అనుమానింపవలయును. అట్టి స్థితిలో బండిని నడుపరాదు.

థర్మోస్టాటును తీసి పారవేయుట మన ప్రాంతములలో వాడుకయైన చికిత్స. దానివలన ముల్లు దిగునే గాని, ఇంజను తగిన వేడికి ఆలస్యముగా చేరి అరుగుదల హెచ్చును. అసలు రోగము మరుగుపడును.

అంబాసిడరు నిర్మాణము 2014లో ఆగిపోయినది. పద్మిని అంతకు మునుపే నిలిచిపోయినది. వంగిపోయిన సిలిండరు హెడ్డునకు బదులు దొరకుట ఇకమీదట నానాటికి దుర్లభము. పెద్దల బండిని నిలుపుకొనదలచిన వారు ముల్లు చల్లని వైపున నున్నదని నిశ్చింతగా నుండక, ప్రతి ఉదయమును బయలుదేరుటకు మునుపు మూత తీసి నీటిని కన్నులార చూచుట అలవరచుకొనవలయును.