ఫ్యాటీ లివర్ (హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో)

జీవక్రియ లోపాల వల్ల కాలేయంలో కొవ్వు పేరుకుపోయే జబ్బు. మద్యం ముట్టనివారికీ వస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందిలో ఫ్యాటీ లివర్, 71 శాతం మందిలో స్థూలకాయం, 34 శాతం మందిలో మెటబాలిక్ సిండ్రోమ్ బయటపడ్డాయి.

కారణాలు: గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, నైట్ షిఫ్టులు, నిద్రలేమి, తీపి పానీయాలు.

పర్యవసానాలు: తొలిదశలో లక్షణాలు దాదాపుగా కనిపించవు. ముదిరితే సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ రావచ్చు.

నివారణ: శరీర బరువులో 7–10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయి.